మూడో ఏడు చదువుతున్నవాడు ఇంకా సోఫోమోరా?

లాంగ్‌హార్న్_మావయ్య: శనివారం వచ్చిందంటే మా ఇంట్లో టెక్సస్ యూనివర్సిటీ టీమ్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటే. ఒక్క సంగతి మాత్రం అంతుపట్టడం లేదు. ఆ టీమ్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) ఆర్చ్ మ్యానింగ్ కాలేజీలో చేరింది 2023లో. 2025 సీజన్‌కి మూడో ఏడు. టీమ్ జాబితాలో మాత్రం ‘రెడ్‌షర్ట్ సోఫోమోర్’ అని ఉంది. సోఫోమోర్ అంటే రెండో ఏడు, మూడో ఏడంటే జూనియర్ కదా? సబ్జెక్టులేమైనా తప్పాడా?

కొలంబస్_వదిన: తప్పలేదండీ బాబూ! అక్కడ రాసేది చదువు లెక్క కాదు, ఎన్ని సీజన్లు వాడుకున్నాడన్న లెక్క. కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ, దాని పై స్థాయి డివిజన్ 1లో ఇచ్చేది నాలుగు సీజన్లు, వాటిని ఐదేళ్లలో ఆడేయాలి. ఫుల్‌టైమ్ చేరిన రోజు నుంచి గడియారం మొదలు, బెంచీ మీద కూర్చున్నా ఆగదు. 2018 నుంచి ఫుట్‌బాల్‌లో నాలుగు ఆటల వరకు ఆడినా ఆ సీజన్ ఖర్చు రాయరు. మ్యానింగ్ మొదటి ఏడాది ఆ హద్దు దాటలేదు, అంతే. అలా సీజన్ మిగుల్చుకోవడాన్నే రెడ్‌షర్ట్ అంటారు.

బెంచీ_బాబ్జీ: అందుకే సెప్టెంబర్ నెలాఖరు వచ్చేసరికి, నాలుగు ఆటలు దాటకముందే, కొందరు “ఇక ఆడను” అని పక్కకు తప్పుకుంటారు. సీజన్ మిగుల్చుకుని ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ల జాబితా) వెళ్లిపోవచ్చు కదా. 2024లో యూఎన్ఎల్‌వీ (లాస్ వేగస్‌లోని యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా, టీమ్ మూడుకు మూడూ గెలిచాక వెళ్లిపోయాడు. డబ్బు మాట నిలబెట్టుకోలేదన్నది అతని వాదన. అయినా సీజన్ మధ్యలో టీమ్‌ని వదిలెయ్యడం నాకు నచ్చదు.

లాంగ్‌హార్న్_మావయ్య: మరి ఆరేళ్లు, ఏడేళ్లు ఆడేవాళ్ల సంగతి?

గోదారిగాలి: గాయాలకు మినహాయింపు అడగొచ్చు. కోవిడ్ వల్ల 2020 సీజన్ ఎవరికీ లెక్కలోకి రాలేదు. ఈ రెండూ కలిస్తే క్యామ్ మెకార్మిక్! 2016లో ఆరెగన్‌లో చేరి, గాయం మీద గాయం తగిలి, 2024లో మయామికి ఆడుతూ తొమ్మిదో సీజన్‌లో ఉన్నాడు. బ్యాక్‌లాగులతో కుస్తీ పట్టిన మా బీటెక్ సీనియర్లు కూడా అన్నేళ్లు లేరు. మోర్మన్ చర్చి నడిపే బీవైయూ యూనివర్సిటీ కుర్రాళ్లు మత ప్రచారానికి వెళ్లిన కాలంలో గడియారం ఆగుతుంది. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ డీగో పావియా అయితే కోర్టుకే వెళ్లాడు. జూనియర్ కాలేజీలో (మన ఇంటర్ కాదు, అక్కడ హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ల కాలేజీ) ఆడిన ఏళ్లు లెక్కించొద్దని అడిగితే 2024 డిసెంబర్‌లో జడ్జి అతని వైపే ఉత్తర్వు ఇచ్చారు. 2025లోనూ వాండర్‌బిల్ట్‌కి ఆడాడు.

ఫ్రిస్కో_అమ్మ: మావాడు హైస్కూల్ టీమ్‌లో కిక్కర్, అంటే బంతిని తన్నేవాడు. ఏపీ క్రెడిట్లు (హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పరీక్షలు రాసి తెచ్చుకునేవి) బోలెడు ఉన్నాయి, కాలేజీలో అడుగుపెట్టగానే సోఫోమోర్ అయిపోతాడంటున్నారు. ఒక సీజన్ పోయినట్టేనా?

కొలంబస్_వదిన: పోదండీ, రెండూ వేరువేరు. పైగా లాభమే. మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసి, మిగిలిన సీజన్లు మాస్టర్స్ చదువుతూ ఆడుకోవచ్చు. ముందైతే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ చూసుకోండి. అసలు టెన్షన్ తర్వాత వస్తుంది. మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60, ఐదో ఏటికి 80 శాతం అయిపోవాలి. మన ఇళ్లలో ప్రీమెడ్‌లో (మెడిసిన్‌కి ముందు చదువు) చేరి కంప్యూటర్ సైన్స్‌కి దూకడం మామూలే కదా, అక్కడ దెబ్బ తగులుతుంది. పాత క్రెడిట్లు కొత్త మేజర్‌కి (ముఖ్య సబ్జెక్టుకి) పనికిరాకపోతే శాతం పడిపోతుంది, వాడు ఎంత బాగా తన్నినా మైదానంలోకి రానివ్వరు.

గోదారిగాలి: ఎన్‌సీఏఏలోనే కింది స్థాయి, డివిజన్ 3 కూడా చూడండి. ఆట స్కాలర్‌షిప్ ఉండదు గానీ, అక్కడ గడియారం ఐదేళ్లు కాదు, పది సెమిస్టర్లు. ఫుల్‌టైమ్ చేరని సెమిస్టర్ లెక్కలోకి రాదు.