పళ్లకు క్లిప్పులు వేసిన పిల్లకు పండగపూట ఏమి పెట్టాలి?

జంతికల కొట్టు, పాలకొల్లు:
నమస్కారమండీ. మాది పిండివంటల కొట్టు. జంతికలు, చెక్కలు, చేగోడీలు, గవ్వలు, వేరుసెనగ ఉండలు, పదిహేడేళ్లుగా ఇదే పని. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పైపళ్లు ఎత్తుగా ఉన్నాయని దసరా సెలవుల్లో భీమవరం తీసుకెళ్లి క్లిప్పులు వేయించాం. మూడు నెలలు తిరగకుండానే రెండుసార్లు పంటికి అతికించిన బిళ్ల ఊడింది. మొదటిసారి చెక్క కొరికానని ఒప్పుకుంది. రెండోసారి ఏమీ తినలేదని ఒట్టు పెట్టింది. నోరు తెరిపిస్తే బిళ్లల మీదుగా వేసిన తీగ పక్కన వాము గింజ కనిపించింది. వాము ఎందులో వేస్తానో నాకు తెలియదా!

డాక్టరుగారు కోప్పడలేదు గానీ, ఇలా ఊడుతూ పోతే రెండేళ్లలో అయ్యే పని ఇంకా సాగుతుందన్నారు. తినకూడనివి రాసిన కాగితం ఒకటి ఇచ్చారు. అందులో పాప్‌కార్న్, చూయింగ్ గమ్, పిజ్జా అంచు ఉన్నాయి. మా ఇంట్లో అవి ఎవరు తింటారండీ? తేగ గురించి, అరిసె గురించి, ఆవకాయ ముక్క గురించి ఒక్క మాట లేదు. పాకం వేళ్ల మధ్య పట్టి, తీగ వచ్చిందో ఉండ వచ్చిందో చీకట్లో కూడా చెప్పగలను. ఈ పంటి తీగ దగ్గర మాత్రం నా విద్య పనికిరావడం లేదు.

తీగ బిగించిన ప్రతిసారీ మూడు రోజులు పెరుగన్నం తప్ప ముట్టదు. చిక్కిపోయింది. మా అమ్మేమో వేపపుల్లతో తోమితే చాలంటుంది. పైగా బిళ్లలకు తీగను పట్టి ఉంచే తెల్ల రబ్బర్లు పసుపుపచ్చగా మారాయని పిల్ల ఫొటోల్లో మూతి బిగించుకుని నిలబడుతోంది. సంక్రాంతి ఇంకో ఇరవై రోజులే. అనుభవమున్నవారు కాస్త చెప్పండి.

అరటిగెల, రావులపాలెం:
అన్నా, నేను ఇరవై ఏడో ఏట వేయించుకున్నాను, ఇరవై రెండు నెలలు ఉన్నాయి. పెళ్లిచూపులకు కూడా వాటితోనే వెళ్లాను. కాబట్టి మీ అమ్మాయికి ఫొటోల బెంగ వద్దని చెప్పండి.

రబ్బర్లకు పట్టిన పసుపు మన కూరలదే. తీగ బిగించడానికి వెళ్లినప్పుడల్లా రబ్బర్లు కొత్తవి వేస్తారు, ఆ రంగు వాటితోనే పోతుంది. ఈసారి తెల్లవి వద్దని బూడిదరంగువి అడగమనండి, పసుపు పడినా కనిపించదు. నేను చేపల పులుసు తినాలనుకుంటే బిగించడానికి వెళ్లే ముందురోజు తినేవాడిని.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు పళ్లతో కొరకడం మానాలి. జామకాయైనా, మొక్కజొన్న పొత్తైనా, కోడి కాలైనా చాకుతో కోసి వెనక పళ్లకు అందించాలి. పొత్తు గింజలు ఒలిచి మెత్తగా ఉడకబెట్టుకుంటే తినవచ్చు. చెరకు మాత్రం మరిచిపోవలసిందే. తేగ కూడా అంతే, దాని పీచు ఒక్కటి తీగకు చుట్టుకుంటే అద్దం ముందు అరగంట. రేగుపళ్లు మెత్తగానే ఉంటాయి, లోపలి గింజ మీద పన్ను పడితే బిళ్ల ఎగిరిపోతుంది. నాకు అలాగే పోయింది. ఆవకాయలో టెంక ముక్క తీసి పక్కన పెట్టి, ఊట కలుపుకోవచ్చు.

ఊడిన బిళ్ల తీగకు వేలాడుతుంటే లాగవద్దు. తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటే డాక్టరు ఇచ్చే మైనం బఠాణీ గింజంత తీసుకుని, ఆ చోటును తుడిచి అద్దాలి. నేను గోళ్ల కత్తెరతో కత్తిరించబోతే మా అమ్మ చేతిమీద కొట్టింది, మంచిపని చేసింది.

పళ్ల డాక్టరమ్మ:
కొట్టువారూ, మీ వృత్తి చూసి చెబుతున్నాను. మీరు గట్టిదా, గుల్లదా అని మాత్రమే చూస్తున్నారు. ఇంకొక లెక్క ఉంది, నోట్లో ఎంతసేపు నిలుస్తుందన్నది. కారప్పూస పంటికింద ఇట్టే నలిగిపోతుంది, బిళ్లను ఊడగొట్టదు. కానీ ఆ పిండి ముద్దై తీగ కింద చేరి కూర్చుంటుంది. పూతరేకు నోట్లో వేయగానే కరిగిపోతుంది, దాని బెల్లం కరిగి బిళ్ల అంచున నిలుస్తుంది. ఆ పిండినీ తీపినీ తిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారు చేస్తాయి, అది పంటి పైపొరలోని ఖనిజాలను లాగేస్తుంది. క్లిప్పులు తీసిన రోజున పళ్లు వరసగా ఉండి, ఒక్కో పంటి మీద బిళ్ల ఉన్న చోటు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ కనిపిస్తే తల్లిదండ్రుల మొహం చూడలేం. ఆ మచ్చలు పూర్తిగా పోవడం కష్టం.

అందుకని తీపి పూర్తిగా మాన్పించనక్కరలేదు. రోజంతా కొట్టులో ఒక్కొక్కటిగా నోట్లో వేసుకోవడం మాన్పించండి. తినేది భోజనంతో పాటు ఒక్కసారే తిని, నీళ్లు పుక్కిలించి, తరవాత తోమాలి. కొబ్బరినీళ్లయినా గంటసేపు గుక్క గుక్క తాగడంకన్నా ఒక్కసారే తాగడం మేలు. నిమ్మరసం లాంటి పులుపు తాగితే ఓ అరగంట ఆగి తోమాలి.

వేపపుల్ల వద్దు, దాని పీచులు బిళ్లల్లో ఇరుక్కుంటాయి. చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్షు తీసుకోండి. తీగకు పైన ఏటవాలుగా పెట్టి కిందికి, తీగ కింద పెట్టి పైకి, చిగురు వెంట మరోసారి. తీగ కిందికి దూరే సన్నని సందుబ్రష్షులు మందుల దుకాణాల్లో దొరుకుతాయి, రాత్రిపూట అవి తప్పనిసరి. పేస్టు గొట్టం మీద ఫ్లోరైడు 1000 నుంచి 1500 పీపీఎం ఉందో లేదో చూడండి. తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, చెంబెడు నీళ్లతో కడిగేస్తే ఆ ఫ్లోరైడు కూడా పోతుంది.

బిగించాక నొప్పి మరునాడు ఎక్కువగా ఉండి, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. బుగ్గ లోపల పుండ్లు పడితే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించమనండి.

అంబాజీపేట బామ్మ:
నాయనా, పెరుగన్నం ఒక్కటే పెడితే పిల్ల చిక్కదా మరి? ముద్దపప్పులో నెయ్యి వేసి పెట్టు. పొట్టిక్కలు చెయ్యి, పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండే కదా, పత్తిలా ఉంటాయి. గుడ్డు కొట్టి పొరటు చెయ్యి. పండుగప్ప అయితే ముళ్లు తక్కువ, నువ్వే విడదీసి కలిపి పెట్టు. ఆనపకాయ పాలు పోసి వండు. మినపరొట్టె వేస్తే పైన మాడిన చెక్కు నువ్వు తిని, లోపలి మెత్తన దానికి పెట్టు. మా మనవడికి రెండేళ్లూ ఇలాగే గడిచాయి. అరిసెల జోలికి మాత్రం వెళ్లనివ్వకు, చల్లారిన అరిసె సాగి సాగి తీగకు అంటుకుంటుంది. పండగకు బొబ్బట్లు చెయ్యి, కాకపోతే పాలతాలికలు.

జంతికల కొట్టు, పాలకొల్లు:
పండగ హడావిడిలో ఆలస్యంగా రాస్తున్నాను, అందరికీ దండాలు. డాక్టరమ్మగారు చెప్పిన లెక్క నా మీదే వేసి చూశానండీ. కొట్టు మూశాక ఒక సున్నుండ తిని, పది నిమిషాలు ఆగి అద్దంలో చూసుకున్నాను. క్లిప్పుల్లేని నా నోట్లోనే వెనక పళ్ల గుంటల్లో మినపపిండి దిగబడి ఉంది. మెత్తనిదే కదా అని అమ్మాయికి రోజూ రెండు ఇస్తున్నాను నేను! ఇప్పుడు అది అన్నం తిన్నాక ఒక్కటే తింటోంది. నూనె డబ్బాల వెనక కుళాయి దగ్గర దాని బ్రష్షు పెట్టాం, కొట్టుకొచ్చిన పిల్లలు వింతగా చూస్తారు.

పనసాకు బుట్టలు కుట్టడం నాకు చేతకాలేదు, గిన్నెల్లో పోసి ఉడికించాను. బామ్మగారు క్షమించాలి. భోగినాడు బొబ్బట్లు చేశాను. తిన్నది. బూడిదరంగు రబ్బర్లు కూడా వేయించాం, ఈసారి బిళ్ల ఒక్కటీ ఊడలేదు.

కనుమనాడు మాత్రం చెక్క ఒకటి చిదిపి మజ్జిగలో వేసి, గ్లాసు నా ముందు పెట్టి కూర్చుంది. బాగా నానాక తింటాను నాన్నా అంది. కాసేపు ఆ గ్లాసు వైపు చూసి, ఇంకో ఐదు నిమిషాలు నాననివ్వమన్నాను.