పూచే కాక్టస్‌ల ఆల్బమ్‌లో కిత్తనార ఉండొచ్చా?

గోదారిగట్టు:
మా అమ్మాయిది ఏడో తరగతి. మొన్న స్టాంపుల ప్రదర్శనలో ‘పూచే కాక్టస్‌లు’ అని ఆల్బమ్ పెట్టింది. 2019లో అమెరికా వేసిన పది కాక్టస్ పూలు, 1981 నాటి 20 సెంట్ల ఎడారి మొక్కలు నాలుగు అందులో ఉన్నాయి. ఆ నాలుగింట్లో కిత్తనార కాక్టస్ కాదని మార్కులు కోసేశారు. బ్యారెల్ కాక్టస్, కిత్తనార, బీవర్‌టెయిల్, సగ్వారో నాలుగూ ఒకే బ్లాకు. దాన్నొక్కదాన్ని తీయాలంటే బ్లాకు చింపాలి. చింపమంటారా?

లంకమాస్టారు:
చింపనక్కర్లేదు, శీర్షిక మారిస్తే చాలు. కాక్టస్ ముళ్ళు చిన్న నూగు బుడిపెల్లోంచి పుడతాయి. బుడిపె లేనిది కాక్టస్ కాదు. కిత్తనారకి ముళ్ళు ఆకు అంచున ఉంటాయి. పైగా అది ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. కాక్టస్‌లు అలా కాదు, సగ్వారో మొదటిసారి పూయడానికే కొన్ని దశాబ్దాలు పట్టినా ఆ తర్వాత ఏటా పూస్తుంది.

కడియం కుర్రాడు:
ఆయ్, మా నర్సరీలో ఎడారి గులాబీని కూడా కాక్టసే అంటారండి. అది గన్నేరు కుటుంబం. మేం సరిదిద్దం, బేరం పోతుంది.

గోదారిగట్టు:
మాస్టారూ, స్టాంపులు వేసిన వాళ్ళే నాలుగింటినీ కలిపి వేశారు. వాళ్ళకి లేని పట్టింపు మనకెందుకు?

లంకమాస్టారు:
వాళ్ళు ‘ఎడారి మొక్కలు’ అని వేశారు. ‘కాక్టస్‌లు’ అన్నది మీరు.

తడిబీరువా:
అవి జిగురున్నవా, వాడినవా? 1986 వరదలో మా నాన్నగారి జిగురు స్టాంపులన్నీ ముద్దైపోయాయి. వాడినవి చాప మీద ఆరేస్తే బతికాయి. కోనసీమ చెమ్మలో కొత్తవి కొనడం దండగ.

గోదారిగట్టు:
జిగురు సంగతి తర్వాత. మాస్టారూ, ‘బుడిపె లేనిది కాక్టస్ కాదు’ అన్నారే, మార్కుల కాగితం మీద అక్షరాలా ఇదే ఉంది. ఆ కాగితం రాసింది మీరేనా?

తడిబీరువా:
అయ్యబాబోయ్.

లంకమాస్టారు:
నేనే. దాచాల్సిన పనేముంది?

గోదారిగట్టు:
మరి ముందే చెప్పొచ్చుగా! పిల్ల రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పక్క ఆల్బమ్‌లో కలువని తామర అని రాశారు, దానికి బహుమతి ఇచ్చారు.

లంకమాస్టారు:
దానికీ ఒక మార్కు తగ్గించాను. అది రాసింది పిల్లవాడు, తప్పు కూడా వాడిదే. మీ ఆల్బమ్‌లో పేజీలన్నీ ప్రింటు తీసినవి. బొటానికల్ పేర్లన్నీ తప్పుల్లేకుండా ఉన్నాయి. సగ్వారోని రాత్రి గబ్బిలాలు ఎలా వెతుక్కుంటాయో రెండు పేరాలు. ఏడో తరగతి పిల్ల అలా రాస్తుందా? అసలు మార్కులు పోయింది అక్కడ. ఆ మాట పిల్ల చేతికిచ్చే కాగితం మీద రాయలేక కిత్తనార గురించి రాశాను.

గోదారిగట్టు:
టైపు చేసింది నేను. చెప్పింది తను. గబ్బిలాల సంగతి నాకే తెలీదు, తను చెప్తే విన్నాను.

లంకమాస్టారు:
అయితే ఆ మాట తననే రాయనివ్వాల్సింది. కొట్టివేతలున్నా సరే.

గోదారిగట్టు:
అడిగితే చెప్పేది కదండీ! ఒక్క ప్రశ్న కూడా అడగలేదట మీరు.

లంకమాస్టారు:
టైము లేదు. ఎనభై ఆల్బమ్‌లు.

కడియం కుర్రాడు:
అడిగుండాల్సింది మాస్టారూ.

తడిబీరువా:
ఇంతకీ ఆ 1981 బ్లాకు జిగురున్నదేనా? అమ్మేట్టయితే నాకు చెప్పండి.