హెపటైటిస్‌-బి మాత్ర మానేసి కర్క్యుమిన్ వాడవచ్చా?

ప్రశ్న:
అమ్మకు హెపటైటిస్‌-బి. మూడేళ్లుగా వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్ర వాడుతోంది. వైరల్ లోడ్ పరీక్షలో ఈసారి వైరస్ కనబడలేదు. ఇక మాత్ర మాని, పసుపులో ఉండే కర్క్యుమిన్ క్యాప్సూళ్లు వేసుకుంటానంటోంది. మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు వైరస్‌ను చంపుతాయని చదివిందట. ఆ పరిశోధనలు నిజమేనా?

జవాబు 1:
నిజమే. పదకొండేళ్లు వైరాలజీ ప్రయోగశాలలో పనిచేశాను. కర్క్యుమిన్ వేసిన కణాల్లో వైరస్ తగ్గడం చూసిన రోజు సంతోషంతో నాకు నిద్రపట్టలేదు. వారం తర్వాత వైరస్ లేని కణాలకు అదే మోతాదు వేస్తే అవీ చనిపోయాయి. కణమే బతకకపోతే వైరస్ ఎక్కడ పెరుగుతుంది? పైగా కాంతి పడితే కర్క్యుమిన్ తానే వెలుగు చిమ్ముతుంది, కాంతిని కొలిచే పరీక్షల్లో లెక్క తప్పిస్తుంది. ఇక మింగితే పేగు, కాలేయం దాన్ని వెంటనే మార్చేస్తాయి. గ్రాముల కొద్దీ మింగినా రక్తంలోకి చేరేది అతి స్వల్పం.

మొక్కల మీద నాకు నమ్మకం పోలేదు. గ్రీన్ టీలోని యాంటీఆక్సిడెంట్లైన కాటెకిన్ల లేపనాన్ని పాపిల్లోమా వైరస్ వల్ల వచ్చే జననాంగ పులిపిర్లకు 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. దాన్ని నేరుగా పులిపిరి మీదే పూస్తారు, కాబట్టి కావలసినంత మందు అక్కడే అందుతుంది.

అమ్మగారి వైరస్ ఉన్నది కాలేయంలో. టెనోఫోవిర్ కొత్త వైరస్ తయారీని ఆపుతుందే గాని, కాలేయ కణాల కేంద్రకంలో దాగిన వైరస్ డీఎన్‌ఏను తీసివేయదు. కనబడలేదంటే పోయిందని కాదు. మాత్ర ఆపితే జబ్బు తిరగబెట్టి కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు. దయచేసి డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి.

జవాబు 2:
మాత్రతో కలిపి కూడా ఆ క్యాప్సూళ్లు వద్దు. మా అన్నయ్య వాటిని వాడిన రెండు నెలలకు కామెర్లు వచ్చాయి. ఆపాకే కాలేయ ఎంజైములు దిగాయి. శరీరం ఎక్కువగా పీల్చుకోవడానికి కొన్నింటిలో మిరియాల్లోని పైపెరిన్ కలుపుతారు, సీసా మీద చూడండి.

అడిగినవారు:
అమ్మకు చదివి వినిపించాను. ‘కనబడలేదంటే పోయిందని కాదు’ అన్నచోట ఆపి, మళ్లీ చదవమంది. సీసాలో పైపెరిన్ ఉంది. రేపు దాన్ని డాక్టరుకు చూపిస్తాం. అసలు మాత్ర ఎప్పటికైనా ఆపవచ్చా?

జవాబు 1:
హెచ్‌బీఎస్ యాంటీజెన్ (వైరస్ పైపొరలోని ప్రోటీన్) రక్తంలో లేకుండా పోతే ఆ ఆలోచన చేస్తారు. ఈ పరీక్ష గురించి, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైము ఏఎల్‌టీ గురించి రేపు తప్పక అడగండి.