ఉద్యోగానికి తీసుకునే ముందు సివిల్ కేసులు చూస్తున్నారా? నెల్లూరు, ప్రకాశం వాళ్లు చెప్పండి

పోర్టు హెచ్‌ఆర్:
మాది కృష్ణపట్నం వైపు గిడ్డంగుల కంపెనీ. స్టోర్ ఇన్‌ఛార్జిగా పొదలకూరు అబ్బాయిని ఎంపిక చేశాం. వెరిఫికేషన్ ఏజెన్సీ రిపోర్టులో ‘సివిల్ కోర్టు: 1 కేసు, ప్రతివాది’ అని ఎర్ర రంగులో వచ్చింది. అంతే, ఏ దావానో, ఎక్కడిదాకా వచ్చిందో ఒక్క ముక్క లేదు. మేనేజరు గారు వద్దంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

ఒంగోలు వకీలు:
మేడమ్, ముందు ఏజెన్సీని సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, అడగండి. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. అది ఇవ్వలేకపోతే ఆ లైను కొట్టేయమనండి. ఇస్తే కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటులో మీరే కొట్టి చూడండి. ఓ.ఎస్. అని ఉంటే అసలు దావా, ఇంకా ఎవరిది న్యాయమో తేలనిది కావచ్చు. ఇ.పి. అంటే డిక్రీ (దావాలో కోర్టు తేల్చి ఇచ్చే ఉత్తర్వు) అయిపోయి అమలుకొచ్చింది. రెంటికీ చాలా తేడా ఉంది.
నా దగ్గరికొచ్చే ఓ.ఎస్.లలో భాగం దావాలు (ఉమ్మడి ఆస్తి పంచమని వేసేవి), గట్టు తగాదాల ఇంజంక్షన్లు, ప్రోనోట్లే ఎక్కువ. భాగం దావాలో వాటాదారులందర్నీ పార్టీలుగా చేర్చి తీరాలి. ఉదాహరణకు, మేనత్త తన వాటా అడిగి దావా వేసింది, మధ్యలో నాన్న పోయాడు, వారసుడిగా కొడుకు ప్రతివాది అయ్యాడు. ఇందులో ఆ పిల్లోడు చేసిన తప్పేంది?

రాపూరు అబ్బాయి:
మా వైపు వీధికి ఇద్దరు పెంచలయ్యలుంటారు. కందుకూరు వైపు పోతే మాల్యాద్రులు. ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. సైటులో పేరుతో వెతికితే తండ్రి పేరు, ఊరు చాలాసార్లు కనపడవు. నాకు ఇంకో పెంచలయ్య మీదున్న అప్పు దావా తగిలించారు. ఆ తీర్పు కాపీ దించి, మొదటి పేజీలో ఆయన తండ్రి పేరు, వయసు, ఊరు చూపించాకే ఆఫర్ లెటర్ ఇచ్చారు. కంపెనీ వాళ్లు నన్ను పిలిచి అడిగారు కాబట్టి సరిపోయింది. అడగకుండా పక్కన పెట్టేసి ఉంటే నాకు కారణం కూడా తెలిసేది కాదు.

కందుకూరు సుబ్బారావు:
ఎక్కడ వెతికారో కూడా చూడండమ్మా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరులో, గూడూరు తిరుపతిలో, చీరాల, అద్దంకి బాపట్లలో కలిశాయి. ఆధార్‌లో ఉన్న జిల్లా ఒక్కటే చూసి ‘కేసులు లేవు’ అని రాసేవాళ్లున్నారు. కోర్టు కాంప్లెక్సు వారీగా పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ వెతకాలి.

ఆక్వా అకౌంట్స్:
మా కంపెనీలో జీతాలు నేనే చూస్తా. ఇ.పి.లో జీతం అటాచ్‌మెంట్ ఆర్డరు వస్తే యజమాని కోసి కోర్టుకు కట్టాల్సిందే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే 25,000 జీతంలో 8,000 దాకా పోతుంది. ఒకే డిక్రీ కింద 24 నెలలు కోశాక ఇక కోయకూడదు. భరణం డిక్రీలకు లెక్క వేరు. మాకు నెలకో చెక్కు రాసే పని, అంతే. అంతమాత్రాన మనిషిని వద్దనుకోవడం అన్యాయం.
ఇంకోటి. రొయ్యల మేత అప్పుకిచ్చేటప్పుడు ప్రోనోటూ, ఖాళీ చెక్కూ రెండూ రాయించుకునేవాళ్లుంటారు. జబ్బొచ్చి చెరువు పోతే ప్రోనోటు మీద సివిల్ దావా పడుతుంది, చెక్కు మీద 138 సెక్షన్ (చెక్కు బౌన్సు) కేసు క్రిమినల్ వైపు పడుతుంది. అప్పు ఒక్కటే, రిపోర్టులో మాత్రం రెండు కేసులు.

పోర్టు హెచ్‌ఆర్:
అందరికీ దండాలు. నంబరు తెప్పించి చూశా. భాగం దావానే. అబ్బాయిని పిలిచి అడిగితే దావా కాపీ తనే తెచ్చిచ్చాడు. వకీలు గారు చెప్పినట్టే తండ్రి వారసుడిగా మూడో ప్రతివాది. మేనేజరు గారు చదివి సరేనన్నారు, సోమవారం చేరుతున్నాడు. ఇకమీదట సీఎన్ఆర్, కేసు రకం, పార్టీ హోదా లేని రిపోర్టు తీసుకోబోమని ఏజెన్సీకి మెయిలు పెట్టా.

కావలి లక్ష్మి:
వకీలు గారూ, మా చెల్లెలి విడాకుల కేసు కూడా ఇలా రిపోర్టులో పెడతారా?

ఒంగోలు వకీలు:
పెట్టకూడదమ్మా. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఆ విచారణ గోప్యంగా జరగాలి, వివరాలు ప్రచురించకూడదు. ఇంటర్వ్యూలో అడిగితే ‘ఉద్యోగానికి సంబంధం లేని విషయం’ అని చెప్పమనండి. రిపోర్టులో కనిపిస్తే తీసేయమని కంపెనీకీ, ఏజెన్సీకీ రాతపూర్వకంగా రాయమనండి. ముసాయిదా కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, రాసిస్తాను.