రికార్డులో నీళ్లున్నాయి, మేలో ట్యాంకర్లు తిరుగుతున్నాయి: పంచాయతీ వనరుల లెక్క ఎలా తీయాలి?

గెడ్డగట్టు:
నమస్తే అండి. విశాఖ జిల్లా ఆనందపురం మండలంలో సుమారు 4,000 జనాభా ఉన్న పంచాయతీ. అభివృద్ధి ప్రణాళికకి ఊరి వనరులు, అవసరాలు రాసివ్వాలి. చేతిలో ఉన్నవి 2011 జనాభా లెక్కలు, ‘చెరువులు 3, బోర్లు 7, ట్యాంకు 1’ అన్న జాబితా. కాగితం మీద లోటేమీ లేదు, కానీ మేలో ట్యాంకర్లు తిరుగుతున్నాయి. తప్పెక్కడుంది? కొలత ఎక్కడ మొదలుపెట్టాలి?

బోరుకొలత:
‘బోర్లు 7’ అన్నది సామాను జాబితా అండి, వనరు కాదు. ఒక్కో బోరు మే నెలలో గంటకు ఎన్ని లీటర్లిస్తుందో కావాలి. 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. కానీ మోటారు వేసిన వెంటనే పట్టకండి. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు 21 లీటర్ల దాకా నిల్వ ఉంటుంది. 40 మీటర్ల నీరుంటే దాదాపు 850 లీటర్లు. అది ఖాళీ అయ్యేదాకా ఎండిపోయే బోరు కూడా దర్జాగానే పోస్తుంది. రెండు గంటలు నడిపాక పట్టండి.

అప్పుడు డ్రమ్ము 100 సెకన్లకు నిండితే గంటకు 7,200 లీటర్లు, రోజుకు 6 గంటలు నడిపితే 43,200. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు, అంటే మీకు 2.2 లక్షలు. లీకేజీకి 15 శాతం కలిపితే ఇలాంటి బోర్లు ఆరు కావాలి. మీ ఏడింట్లో మేలో ఆరు నిలుస్తాయా, అదీ ప్రశ్న.

ఒక బోరు లెక్క పక్క బోరుకి వేయకండి. మన దగ్గర ఎక్కువగా ఖొండలైటు రాయి. నీరు పైనున్న శిథిల పొరలోనూ (శిథిలమై మెత్తబడిన రాయి), కింద పగుళ్లలోనూ ఉంటుంది. ఆ పొర బంకమట్టిగా మారినచోట నీరున్నా వదలదు.

చుట్టుపక్కల వ్యవసాయ బోర్లూ రాయండి. ఊరి తాగునీరు ఏడాదికి సుమారు 80,300 ఘనపు మీటర్లు. వరికి 1,200 మి.మీ. నీరనుకుంటే ఎకరాకు 4,850 ఘనపు మీటర్లు. అంటే 17 ఎకరాల రెండో పంట వరి మీ ఊరంత నీరూ తాగేస్తుంది! ట్యాంకర్లకి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

నాణ్యతకి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 500 మి.గ్రా. దాకా మంచిది, వేరే నీరు లేకపోతే 2,000 దాకా. ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 45 మి.గ్రా. దాటకూడదు. ఈ రెండూ టీడీఎస్ చేతి మీటరులో కనబడవు, విడిగా పరీక్ష చేయించాలి.

లెవెల్‌మిషన్:
బోరు నీటి సంగతి పైన చెప్పేశారు. చెరువుకి రికార్డులో ఆయకట్టు ఎకరాలు చూసి సరిపెట్టకండి, నిల్వ కావాలి. ఎండినప్పుడు అలుగు (చెరువు నిండితే నీరు పొర్లిపోయే చోటు) మట్టం నుంచి అడుగు లోతు కొలవండి. చేతిలెక్కకి నీటి విస్తీర్ణం × గరిష్ఠ లోతు × 0.4. అలుగు తెగి ఉంటే తెగినచోటే నిండు మట్టం. మదుం (పొలాలకి నీరు వదిలే తూము) తలుపు కారుతుంటే సంక్రాంతికే చెరువు అడుగంటుతుంది, పూడిక తీసినా లాభం లేదు. ముందు మరమ్మతు రాయండి.

గెడ్డ (వాగు) దాటే రోడ్లకి ‘కల్వర్టు కావాలి’ అంటే చాలదు. ఎగువన 100 హెక్టార్ల పరీవాహకం (వాన నీరు ఆ గెడ్డకి చేరే నేల), గంటకు 50 మి.మీ. వాన, అందులో 40 శాతం పారుతుందనుకుంటే సెకనుకు 5.5 ఘనపు మీటర్లు వస్తాయి. 900 మి.మీ. హ్యూమ్ పైపు (గుండ్రటి కాంక్రీటు పైపు) ఒకటి మోసేది సెకనుకు ఒక ఘనపు మీటరుకు అటూఇటూ. ఒక్క పైపు వేసి రోడ్డు కొట్టుకుపోయిందని వానని తిడితే ఏం లాభం? అక్కడ స్లాబ్ కల్వర్టు అడగండి. ఎగువన లేఅవుట్లు వచ్చి ఉంటే 40 శాతాన్ని పెంచండి.

ఇంకోటి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది. పాత విశాఖ జిల్లా సగటులు పాడేరు కొండలతో కలిపినవి, మీ మండలానికి వాడకండి. జనాభాకి సచివాలయం ఇళ్ల జాబితా తీసుకుని, పేరు ఊళ్లో, కాపురం నగరంలో ఉన్నవాళ్లని విడిగా రాయండి.

గెడ్డగట్టు:
ట్యాంకు 60 వేల లీటర్లది. సరిపోతుందా అండి?

బోరుకొలత:
రెండు పూటలా వదిలితే పూటకు 1.1 లక్షలు కావాలి. అంటే వదులుతుండగానే మళ్లీ నింపాలి, లేదా వీధులవారీగా వంతులు పెట్టాలి. కరెంటు పోతే రెండూ కుదరవు. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను అప్పుడు కరెంటు లేక చాలాచోట్ల నీళ్లందలేదు, కాబట్టి ఇంకో ట్యాంకుతో పాటు జనరేటరూ రాయండి. అడిగే ముందు ఎత్తులో ఉన్న చివరి కుళాయి దగ్గర బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. అక్కడ సన్నగా వస్తుంటే పైపు చిన్నదో, మధ్యలో ఎవరైనా మోటారు బిగించారో. దానికి ఇంకో ట్యాంకు కట్టినా మందు కాదు.