పీఎస్2 డిస్కులు ఆడే పీఎస్3 ఏది? జీబీ చూడాలా, మోడల్ నంబర్ చూడాలా?

పాతడిస్కులు:
నా దగ్గర పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2) గేమ్ డిస్కులు ఓ ఇరవై దాకా ఉన్నాయి, పీఎస్2 మాత్రం ఎప్పుడో పోయింది. సెకండ్ హ్యాండ్‌లో పీఎస్3 ఒకటి తీసుకుంటే రెండింటి గేములూ ఒకే పెట్టెలో ఆడుకోవచ్చనుకున్నాను. తీరా చూస్తే కొన్ని పీఎస్3లు ఆడతాయట, కొన్ని ఆడవట. ఒకాయన తన 80 జీబీది ఆడుతుందంటున్నాడు, ఇంకొకాయన తనదీ 80 జీబీదే కానీ ఆడదని ముందే చెప్పేశాడు. ఫొటోల్లో రెండూ నల్లగా, లావుగా, మెరుస్తూ ఒకేలా ఉన్నాయి. ఎవరిని నమ్మాలి? ఈ గొడవంతా లేకుండా తర్వాత వచ్చిన సన్నటి పీఎస్3 స్లిమ్ తీసుకుంటే సరిపోదా?

స్క్రూడ్రైవర్:
ఇద్దరూ నిజమే చెబుతున్నారు. జీబీ లెక్క వదిలేయండి, అందులో ఉండేది లాప్‌టాప్‌లలో వాడే 2.5 అంగుళాల సాటా డిస్కే, ఎవరు ఎప్పుడు మార్చారో తెలీదు. స్టిక్కర్ మీది మోడల్ నంబర్‌లో సీఈసీహెచ్ తర్వాత ఏ అక్షరం ఉందో చూడండి.

2006 నవంబర్‌లో జపాన్, అమెరికాల్లో వచ్చిన 'ఏ' (60 జీబీ), 'బీ' (20 జీబీ) మోడళ్లలో పీఎస్2 ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ బోర్డు మీదే ఉంటాయి, అంటే పీఎస్3 లోపల ఓ పీఎస్2 కాపురం పెట్టినట్టే. 2007లో యూరప్‌కి వచ్చిన 'సీ' మోడల్‌లో, ఆ తర్వాతి 80 జీబీ 'ఈ' మోడల్‌లో గ్రాఫిక్స్ చిప్ ఉంచి ప్రాసెసర్ తీసేశారు, దాని పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, అందుకే కొన్ని గేములు తడబడతాయి. 2007 చివర్లో వచ్చిన 40 జీబీ 'జీ' మోడల్ నుంచి రెండూ లేవు. స్లిమ్‌లో కూడా లేవు, కాబట్టి మీ డిస్కులకి అది పనికిరాదు. పీఎస్1 డిస్కులైతే అన్నిట్లోనూ ఆడతాయి.

ఫొటోలోనే తేల్చుకోవాలంటే ముందువైపు యూఎస్‌బీ పోర్టులు లెక్కపెట్టండి. నాలుగుంటే పీఎస్2 ఆడుతుంది, రెండే ఉంటే ఆడదు.

చల్లగాఆడుకో:
పైన చెప్పింది కరెక్టే కానీ నాలుగు పోర్టులది కొనేముందు ఒక్కసారి ఆలోచించండి. ఆ తొలి మోడళ్లలో సెల్ ప్రాసెసర్, ఆర్ఎస్ఎక్స్ గ్రాఫిక్స్ చిప్ రెండూ 90 నానోమీటర్లవి (ఈ అంకె ఎంత పెద్దదైతే కరెంటు అంత ఎక్కువ లాగుతాయి), గేమ్ నడుస్తుంటే సుమారు 200 వాట్లు లాగుతాయి, ఫ్యాన్ చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు. 2009లో వచ్చిన స్లిమ్‌లో సెల్‌ని 45 నానోమీటర్లకి తగ్గించారు, కరెంటు దాదాపు సగమే. పసుపు లైటు వెలిగి చచ్చిపోయిన పాత పెట్టెని బోర్డు వేడిచేసి "రిపేర్ చేశాం" అని అమ్మేవాళ్లుంటారు, అలాంటిది ఎక్కువ కాలం నిలవదు. కనీసం గంటసేపు గేమ్ నడిపి చూపించమనండి.

ఇంకోటి, నేను చేసిన తెలివితక్కువ పని మీరు చేయకండి. పాత లావుదానిలో హార్డ్ డిస్క్ తీసి స్లిమ్‌లో పెడితే సేవ్‌లన్నీ (గేముల్లో ఎంతదాకా ఆడామో అవి) వచ్చేస్తాయనుకున్నా. డిస్క్ ఏ కన్సోల్‌లో ఉంటే దాని కీతోనే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుందట. ఫార్మాట్ చేయాలని అడిగితే చదవకుండా ఎస్ నొక్కేశాను. నాలుగేళ్ల సేవ్‌లు, ఒక్క నొక్కుడు.

పాతడిస్కులు:
అయ్యో. ఫార్మాట్ జోలికి వెళ్లనులెండి. ఆడుతుందన్నాయన్ని ముందువైపు ఫొటో అడిగాను, పోర్టులు నాలుగు ఉన్నాయి. స్టిక్కర్ మీద సీఈసీహెచ్ఈ01. తీసేసుకోనా?

స్క్రూడ్రైవర్:
ఆగండాగండి, రీజియన్ సంగతి, అంటే ఏ ప్రాంతం కోసం తయారైందన్నది, ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. చివర 01 అంటే అమెరికా పెట్టె. పీఎస్3 గేములకి రీజియన్ గొడవ దాదాపు లేదు కానీ పీఎస్1, పీఎస్2 డిస్కులకి ఉంది. మీ డిస్కుల మీద చిన్న అక్షరాల్లో కోడ్ ఉంటుంది, అది ఎస్ఎల్‌యూఎస్ (అమెరికా) అనా, ఎస్ఎల్ఈఎస్ (యూరప్) అనా?

పాతడిస్కులు:
ఆరు తీసి చూశా, అన్నీ ఎస్ఎల్ఈఎస్. పక్కనే పాల్ అని కూడా ఉంది.

స్క్రూడ్రైవర్:
పాల్ అంటే యూరప్ లాంటి చోట్ల వాడిన టీవీ పద్ధతి. అయితే ఆ అమెరికా పెట్టె మీకు దండగ, డిస్క్ పెడితే గేమ్ మొదలే కాదు. 'ఏ' మోడల్ దొరికినా అంతే, 'ఏ', 'బీ' రెండూ యూరప్‌కి రాలేదు. పాల్ డిస్కులకి పాల్ 'సీ' మోడల్ వెతకాలి, అది దొరికినా పైన చెప్పిన తడబాటు ఉండనే ఉంటుంది. హెచ్‌డీఎమ్ఐలో పీఎస్2 బొమ్మ కాస్త నీటుగా కనిపిస్తుంది, నిజమే, కానీ దాని కోసం ఇంత వేట అవసరమా అంటే నాకైతే అనిపించదు. పాల్ పీఎస్2 ఒకటి వెతుక్కోండి, పీఎస్3 గేములకి స్లిమ్ తీసుకోండి.

చల్లగాఆడుకో:
స్లిమ్ అంటే 2009 నాటిదే. 2012లో వచ్చిన సూపర్ స్లిమ్ మీద మూత చేత్తో పక్కకి జరిపి డిస్క్ పెట్టాలి, ఆ ప్లాస్టిక్ కిరకిర నాకైతే నచ్చదు. అందులో హార్డ్ డిస్క్ బదులు 12 జీబీ ఫ్లాష్ మెమరీ ఉన్నది తగిలితే పొరపాటున కూడా తీసుకోకండి, ఒక పెద్ద గేమ్ ఇన్‌స్టాల్ చేస్తే చోటు అయిపోతుంది.

పాతడిస్కులు:
ఆయనకి వద్దని చెప్పేశా. ఇప్పుడు పాల్ పీఎస్2 వేటలో ఉన్నా. దాన్లో లావుదీ స్లిమ్మూ అని మళ్లీ రెండు రకాలున్నాయట, రేపు ఇంకో ప్రశ్నతో వస్తా.