పెద్దోళ్ళ కేసుల్లో వీడియో సీల్ చేశారంటే దాచిపెట్టినట్టేనా?

కావలి కుర్రోడు:
అన్నలూ ఒక డౌట్. నిన్న ట్రంకు రోడ్డులో టీ అంగటికాడ పెద్ద వాదన అయింది. పేరున్నోళ్ళ కేసుల్లో వీడియో ఉందంటారు, కోర్టేమో సీల్ చేసి పెట్టుకుంటది, ఒక్కోసారి ముద్దాయికి కూడా కాపీ ఇయ్యరంట. డబ్బున్నోడిని కాపాడేదానికే ఇదంతా అంటాడు మా మామ. నాకేమో ఇంకో అనుమానం, ముద్దాయికి చూపియ్యకుండా శిక్ష వేస్తే అదెట్టా న్యాయం?

ఒంగోలు వకీలు:
తమ్ముడూ, కాపీ ఇయ్యడం వేరు, చూపియ్యడం వేరు. పోలీసులు దేన్ని నమ్ముకొని చార్జిషీట్ వేశారో ఆ కాగితాలన్నీ ముద్దాయికి ఇయ్యాల్సిందే, బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 230 సెక్షన్. కేరళలో ఒక నటిని ఎత్తుకుపోయి లైంగిక దాడి చేసి వీడియో తీసిన కేసులో, ముద్దాయిగా ఉన్న నటుడు దిలీప్ ఆ వీడియో ఉన్న మెమరీ కార్డు కాపీ కోసం సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2019 నవంబర్లో కోర్టు చెప్పిందేందంటే, కార్డులో ఉండేది కూడా డాక్యుమెంటే, మామూలుగా అయితే ఇయ్యాలి, కానీ ఇక్కడ బాధితురాలి ప్రైవసీ ఉంది కాబట్టి కాపీ ఇయ్యం, నువ్వూ నీ లాయరూ మీ ఎక్స్‌పర్టూ వచ్చి చూసుకోండి అని. ఆ వీడియో ఒక్క వాట్సాప్ గ్రూపులో పడితే ఆ బిడ్డకి ఇంక ఏ తీర్పు వచ్చి ఏం లాభం చెప్పు.

నెల్లూరు కెమెరాలు:
నాది సీసీ కెమెరాలు బిగించే పని. ఒకసారి నేను పెట్టిన డీవీఆర్ (కెమెరా వీడియోలు రికార్డయ్యే డబ్బా) పోలీసులు సీజ్ చేస్తుంటే పక్కనే ఉన్నా. మధ్యవర్తుల సంతకాల చీటీ పెట్టి, గుడ్డసంచిలో కుట్టి, లక్క కరిగించి సీలేశారు. అంతా బానే ఉంది కానీ ఆ డీవీఆర్ టైం 11 నిమిషాలు ముందుండాది, అది రాయండి సార్ అంటే ఎందుకులే అన్నారు, నేను పట్టుబట్టి రాయించా. ఆ 11 నిమిషాల్లో ఒక మనిషి ఊర్లో ఉన్నట్టా లేనట్టా అనేది మారిపోద్ది గదా! హాష్ నంబరు, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, అది కూడా ఆ రోజే తీసి రాసుకోవాల, వీడియోలో ఒక్క ఫ్రేము మారినా ఆ నంబరు మారిపోద్ది.

ఒంగోలు వకీలు:
కరెక్ట్ అన్నా. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 63 సెక్షన్ సర్టిఫికెట్లోనే హాష్ రాయాలి. ఆ కేరళ కేసులోనే కార్డు కోర్టు కస్టడీలో ఉండగా హాష్ మారిందని ల్యాబ్ తేల్చింది, లక్క ఒక్కదాన్నే నమ్ముకుంటే అట్టే ఉంటది. సీల్ చెయ్యడం తప్పు కాదు, సీల్ తీసిన ప్రతిసారీ ఎవరు తీశారో, ఎందుకు తీశారో రాయకపోవడం తప్పు.

కావలి కుర్రోడు:
మా అంగడి డీవీఆర్ ఇప్పుడే చూశా, 4 నిమిషాలు వెనక ఉంది. సరిచెయ్యనా?

నెల్లూరు కెమెరాలు:
ఏ కేసూ లేకపోతే ఇప్పుడే సరిచెయ్యి. పోలీసులు ఫుటేజీ అడిగుంటే మాత్రం దాన్ని ముట్టుకోబాక.